సారలమ్మకు చేసిన ప్రార్థన

నాచారంలో ఆ నాలుగు సందుల్లో ఎవరింట్లో కష్టం వచ్చినా ముందు దవాఖానాకు పరుగెత్తేవాళ్ళు, ఆ వెంటనే దీనమ్మకు ఫోన్ చేసేవాళ్ళు. కొందరిళ్ళలో ఈ వరస తారుమారయ్యేది కూడా. ఆమె డాక్టరు కాదు, పాస్టరూ కాదు. పారిశ్రామికవాడలో ఒక బిస్కెట్ల కంపెనీలో పొట్లాలు కట్టి కట్టి, వేళ్ళ చివర చర్మం నున్నబడిపోయాక ఇంటిపట్టున కూర్చున్న మనిషి. పొట్టిగా, బొద్దుగా, కొంగు తిప్పి నడుముకు దోపుకొని, ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు నడిచేది. కానీ అదే మనిషి మోకాళ్ళూని, తల మీదికి ముసుగు లాక్కొని, "పరిశుద్ధుడవైన తండ్రీ" అని మొదలుపెడితే గదిలో ఉన్నవాళ్ళ ఒళ్ళు జలదరించేది. గచ్చు మీద పాకే పిల్లలు కూడా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి ఆమె నోటి వంక చూసేవాళ్ళు.

ఆ భాష ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. జనగామ దగ్గర ఒక పల్లెలో ఆయన ఉపదేశి. పాస్టరు ఎప్పుడో గానీ రాని ఊళ్ళో పాటలు నేర్పి, వాక్యం చదివి, పెళ్ళికీ చావుకూ ప్రార్థన చేసే మనిషి. పొలం గట్టు మీద ఆయన మాట ఊరందరి మాటే. "ఏమే, గా గొడ్లను జర కొట్టంల కట్టెయ్" అనేవాడు. మోకాళ్ళ మీదికి రాగానే గొంతు మారేది, మాట మారేది. దయచేయుము, ఆలకించుము, నీ దాసురాలిని జ్ఞాపకము చేసికొనుము అంటూ అచ్చుపుస్తకంలోంచి నడిచి వచ్చినట్టు మాట్లాడేవాడు. దేవుడికి తమ ఊరి మాట రాదేమో అనుకునేది చిన్నప్పుడు దీనమ్మ. పెద్దయ్యాక అలా అనుకోవడం మానేసింది గానీ, దేవుడితో ఊరి మాటలో ఒకసారి మాట్లాడి చూద్దామని మాత్రం ఆమెకెప్పుడూ తోచలేదు.

చర్చిలో ఆమెను ప్రార్థన దీనమ్మ అనేవాళ్ళు. బోరు వేస్తే నీళ్ళు పడాలని, లైసెన్సు పరీక్షలో బండి ఆగిపోకూడదని, కోడలికి మామూలు కాన్పు కావాలని, అత్తకు కాస్త నోరు తగ్గాలని పిలిచేవాళ్ళు. ఆమె ఎవరినీ కాదనలేదు. వాళ్ళిచ్చిన టీ తాగి, వాళ్ళ కష్టం విని, మోకాళ్ళూనేది. లేచేసరికి ఇంటిల్లిపాది కళ్ళు తుడుచుకుంటూ ఉండేది.

ఆమెను ఆటపట్టించగల మనిషి నాచారం మొత్తంలో ఒక్కతే, సారలమ్మ. ములుగు దిక్కు నుంచి వచ్చిన మనిషి. బిస్కెట్ల కంపెనీలో పొట్లాలు కదిలే ఒకే బెల్టుకు అటు ఆమె, ఇటు దీనమ్మ. భర్తలు పోయాక కూడా సందులో ఎదురెదురు ఇళ్ళలోనే ఉండిపోయారు. సారలమ్మ శివరాత్రికి కీసరగుట్ట ఎక్కి వచ్చేది. చర్చి గడప మాత్రం ఎప్పుడూ తొక్కలేదు.

"ఏమే దీనా, మీ దేవునికి చెవుడా ఏంది? గంత గట్టిగ ఒర్లుతవ్," అనేది.

"మీరు గుట్ట మీద గంట కొడ్తరు గద సారక్కా. మీ శివునికి ఇనిపిస్తలేదనా?"

"మేం ఒక్కసారి కొట్టి దిగొస్తం. నువ్వు అద్దగంట కొడ్తవ్."

పాస్టరు దేవదానం గారి కూతురు అమూల్య డిగ్రీ చదువుతోంది. ఆ అమ్మాయి దీనమ్మ ప్రార్థనలు ఫోన్‌లో రికార్డు చేసి చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టింది. అవి గ్రూపు దాటాయి, నాచారం దాటాయి. పోచారంలో ఎవరో పొద్దున వంట చేస్తూ పెట్టుకుంటున్నారని తెలిసింది. అంబర్‌పేట్‌లో కాపురముంటున్న దీనమ్మ కూతురు సుష్మ ఫోన్ చేసి, "అమ్మా, మా కింది పోర్షన్లకెల్లి నీ గొంతు ఇనొస్తుంది, నువ్వే వచ్చినవనుకొని తలుపు తీసిన" అని నవ్వింది. దీనమ్మ ఆ మురిపెంలో ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఒకరోజు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర షేర్ ఆటో ఎక్కింది. ఎదురు సీట్లో కూర్చున్న ఆమె ఒళ్ళో సంచీ పెట్టుకొని ఫోన్ చెవి దగ్గర పట్టుకొని వింటోంది. ఆటో సిగ్నల్ దగ్గర ఆగాక తెలిసింది, ఆ గొంతు తనదే. మల్లాపూర్‌లో ఎవరో పిల్లవాడు సెల్‌ఫోన్ల దుకాణం తెరిచినప్పుడు చేసిన ప్రార్థన. ఎదుటి మనిషి తనను గుర్తుపట్టలేదు. దీనమ్మ ఆటో బయటికి చూస్తున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించి వింది. బాగానే ఉంది. చాలా బాగుంది. ఒకచోట "కన్నీటి" అన్నాక గొంతు విరిగి, ఊపిరి ఆగి, చిన్న ఎక్కిలి వచ్చి, ఆ తర్వాత "ప్రార్థన" అన్న మాట వచ్చింది. ఎదుటి మనిషి పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆమె వేలితో ఇంకొకటి తీసి పెట్టింది. అదీ దీనమ్మదే. నెలలు నిండకుండా పుట్టి అద్దాల పెట్టెలో ఉన్న ఒక పసిబిడ్డ కోసం, ఆ పసిదాని తల్లి చేతులు పట్టుకొని చేసింది. ఆ రోజు ఇంటికి వచ్చాక కూడా అన్నం దిగలేదు, బాగా గుర్తు. ఆటో హబ్సిగూడ దాటుతుండగా ఫోన్‌లో గొంతు "కన్నీటి" అంది. విరిగింది. ఊపిరి ఆగింది. అదే ఎక్కిలి. "ప్రార్థన" అంది.

పసిబిడ్డకూ, సెల్‌ఫోన్ల దుకాణానికీ ఒకే ఏడుపు.

దీనమ్మ దిగాల్సిన చోట దిగలేదు. ఆటో చివరిదాకా పోయి, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. దారి పొడవునా తనకు తాను సర్దిచెప్పుకుంది. తను నటించలేదు. దేవుడి సాక్షిగా నటించలేదు. కానీ చేయి తిరిగిన వంటమనిషి చూడకుండా ఉప్పు వేసినట్టు, గొంతు తనంతట తానే కన్నీళ్ళు వేసేస్తోంది. పసిబిడ్డ కోసం కూడా అలాగే వేసిందా? తను అక్కడ ఉందా, లేదా?

తర్వాతి బుధవారం స్త్రీల కూడికలో, అలవాటు ప్రకారం ముగింపు ప్రార్థన ఆమెను చేయమన్నారు. ముసుగు లాక్కొని, "పరిశుద్ధుడవైన తండ్రీ" అంది. నాలుగు మాటలు సాఫీగా వచ్చాయి. ఆ తర్వాత ఆ మాట దూరం నుంచి వస్తున్న బస్సులా కనబడింది. కన్నీటి. దీనమ్మ నోరు మూసుకుంది.

ఆడవాళ్ళు కళ్ళు మూసుకొని ఎదురుచూశారు. ఆత్మ దిగుతోందనుకున్నారు. ఇంకాస్త సేపయ్యాక ఒకామె ఒక కన్ను తెరిచి చూసింది. వెనకనుంచి ఎవరో, "బీపీ డౌన్ అయినట్టుంది, నీళ్ళు తేండ్రి" అన్నారు. నీళ్ళు వచ్చాయి, చక్కెర వచ్చింది, ఫ్యాను ఆమె వైపు తిప్పారు. దీనమ్మ నీళ్ళు తాగి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారానికల్లా మాట పాకింది. దీనమ్మకు ప్రార్థన ఆగిపోయిందట. వీసమెత్తు చెడ్డతనం లేని ఆడవాళ్ళే గుంపుగా ఆమె ఇంటికి వచ్చి, ఆమె చుట్టూ కూర్చొని, ఆమె కోసం ఆమె మాటలతోనే ప్రార్థన చేశారు. ఒకామె సరిగ్గా అక్కడే గొంతు విరిచింది. దీనమ్మకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. వచ్చినవాళ్ళు అది దేవుడి కార్యమనుకొని స్తోత్రం చెప్పుకొని వెళ్ళారు.

మర్నాడు దేవదానం గారు ఒక్కరే వచ్చారు. అమలాపురం దగ్గరి మనిషి. నాచారంలో ఇన్నేళ్ళున్నా మాట మారలేదు. దీనమ్మ ఆటోలో విన్నదంతా చెప్పింది.

"అయ్యగారూ, నేను ఏడ్సిన్నా, నా గొంతు ఏడ్సిందా, నాకే సమజ్ అయితలేదు. నోరు తెరుస్తే మల్ల అదే అబద్ధం వస్తదేమోనని బుగులైతుంది."

ఆయన టీ కప్పు కింద పెట్టారు. "నేను పెళ్ళికాక ముందు నుంచీ మైకు ముందే ప్రార్థన చేస్తున్నానమ్మా. మైకు తీసేస్తే నా దగ్గర ఏం మిగులుతుందో చూసుకుందామని చాలాసార్లు అనుకున్నాను. భయం వేసి మళ్ళీ మైకు పట్టుకున్నాను."

"మరి నేనేం జెయ్యాలె?"

"ఏమీ చేయకండి. రోజూ కాసేపు కూర్చోండి. మాట రాకపోతే రాకపోనివ్వండి. మనం పలకరిస్తూ ఉండకపోతే దేవుడు లేచి వెళ్ళిపోతాడనుకుంటాం. వెళ్ళేవాడైతే మన అరుపులకే ఎప్పుడో వెళ్ళిపోయుండేవాడు." గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "అమూల్య చేత ఆ రికార్డులు తీయించేస్తాను. కూడికలో మీరు ప్రార్థన చేయరని, దాన్ని నడిపే మా ఆవిడకు కూడా నేనే చెప్తాను. కష్టమైన పనంటే అదీ."

ఆ సందులో మంచినీళ్ళు రోజు విడిచి రోజు తెల్లవారుజామున వస్తాయి. ఎప్పుడొస్తాయో, ఎప్పుడు పోతాయో తెలియదు కాబట్టి కుళాయి దగ్గర ఎవరో ఒకరు కాచుకోవాలి. దీనమ్మ పీట వేసుకొని అక్కడే కూర్చోవడం మొదలుపెట్టింది. నీళ్ళు రాని రోజు కూడా కూర్చునేది.

మొదట్లో ఆ మౌనం వారపు అంగడిలా ఉండేది. నోరు మూసుకోగానే లోపల అందరూ ఒక్కసారి మాట్లాడేవాళ్ళు. ఎప్పుడో ఆడపడుచు అన్న మాట, సుష్మ పెళ్ళిలో తక్కువైన పప్పు, పోయిన మొగుడి దగ్గు, మోకాలి నొప్పి. తరిమేద్దామని చూస్తే ఇంకా ఎగబడేవి. పోనీలెమ్మని ఊరుకుంటే కాసేపు తిరిగి, బేరం కుదరక వాటంతటవే వెళ్ళిపోయేవి. కొన్ని రోజులు ఏమీ ఉండేది కాదు. దేవుడూ లేడు, ఓదార్పూ లేదు. కుళాయి నోట్లో గాలి బుసకొట్టడం, బకెట్, పీట మీద ఒక ముసలి ఆడమనిషి, అంతే. అలాంటి రోజున కూడా లేచి పోకుండా కూర్చోవడమే తనకు అప్పజెప్పిన పనేమో అనిపించేది.

ఎండాకాలం వచ్చేసరికి అంగడి పలచబడింది. పక్కన ఎవరో కూర్చున్నట్టు ఉండేది. తిరిగి చూడాలని కూడా అనిపించేది కాదు. కంపెనీలో బెల్టు ఆగిపోయినప్పుడు చెవుల్లోకి దిగే నిశ్శబ్దం లాంటిది ఒకటి గుండెలోకి దిగేది. నీళ్ళు బకెట్ నిండి పొర్లి పాదాలు తడిస్తే గానీ లేచేది కాదు.

ఆ తీపి అలవాటయ్యాక ఆమె దాన్ని పట్టుచీరలా దాచుకోవడం మొదలుపెట్టింది. పక్కింటి కుక్కర్ కూత వేస్తే విసుక్కునేది. ఫోన్ ఎప్పుడో గానీ తీసేది కాదు. ఒకామె పిల్లవాడి పరీక్షల కోసం ప్రార్థన చేయమని వస్తే, "నేనిప్పుడు గట్ల జేస్తలేనమ్మా" అని గుమ్మంలోనే చెప్పి పంపేసింది. తలుపు వేసి లోపలికి వస్తుంటే తను మునుపటికన్నా కాస్త పొడుగైనట్టు అనిపించింది కూడా.

వానాకాలంలో సారలమ్మ మంచాన పడింది. ముందు కళ్ళు పచ్చబడ్డాయి, తర్వాత పొట్ట ఉబ్బింది. పెద్ద దవాఖానాలో పరీక్షలన్నీ చేసి, కాలేయం ఇక పనిచేయదని, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైనవి పెట్టమని చెప్పారు. ఆమె కూతురు హిమజ పోచారం ఐటీ క్యాంపస్‌లో క్యాంటీన్ పనికి పోతుంది. సెలవులు అయిపోయాయి. ఎదురింటి గుమ్మంలో నిలబడి, "చిన్నమ్మా, పగటిపూట జర అమ్మను అరుసుకుంటవా?" అంది.

"అడగాల్నా బిడ్డా," అంది దీనమ్మ.

ఆమె పోయి, గంజి తాగించి, పక్క సర్ది, మంచం పక్కన కుర్చీ వేసుకొని కూర్చునేది. ఏం చేయాలో ఆమె ముందే అనుకుంది. ఇన్నాళ్ళూ తను కూడబెట్టుకున్నదాంట్లో మంచిది ఆ మౌనమే. దాన్నే స్నేహితురాలికి ఇస్తుంది. మాటలతో అబద్ధమాడదు. చేతులు ఒళ్ళో పెట్టుకొని, కళ్ళు సగం మూసి, నిశ్చలంగా కూర్చునేది. ఆ గదిలో తన శ్వాసా, సారలమ్మ శ్వాసా తప్ప ఏమీ వినబడకపోతే, ఇదే అసలైన ప్రార్థన అనుకునేది.

ఒక మధ్యాహ్నం సారలమ్మ ఆమె వైపు తల తిప్పి చాలాసేపు చూసింది.

"ఏందే గట్ల కూసున్నవ్?"

"ఎట్ల?"

"పీనుగ కాడ కూసున్నట్టు. నేనింక పోలే గద."

దీనమ్మ ఉలిక్కిపడింది. "నీకోసమే కూసున్న సారక్కా. మనసుల…"

"మనసుల ఏమన్నవో నాకెట్ల తెలుస్తది? నువ్వు సప్పుడు జేయకుంట కూసుంటే నాకు బుగులైతుంది. కండ్లు మూస్తే చీకటి, తెరుస్తే నువ్వు బొమ్మలెక్క." సారలమ్మ పెదాలు తడుపుకుంది. "ప్రార్థన జెయ్యి. గట్టిగ."

"నువ్వే గద ఒర్లుతవని అనేదానివి."

"అన్న. ఇప్పుడు ఒర్లు అంటున్న. నన్ను మీ చర్చిల కలుపుకునుడు, నీళ్ళల్ల ముంచుడు గిట్ల పెట్టుకోకు, నాకు జలుబైతది. మీ దేవుడెవరో నాకు సరిగ తెల్వది. నీ గొంతు తెలుసు. గది ఇనాలె నాకు."

దీనమ్మకు ఆ షేర్ ఆటో గుర్తొచ్చింది. ఈ ఒక్క మనిషి దగ్గర, ఈ మనిషి చావు ముందు, గొంతు మళ్ళీ అదేచోట విరిగితే? పసిబిడ్డకు విరిగినట్టు, దుకాణానికి విరిగినట్టు సారక్కకు కూడా విరిగితే?

"నాకు వస్తలేదు సారక్కా," అంది. "మాట వస్తలేదు. గది బంద్ అయింది."

సారలమ్మ గోడ వైపు తిరిగింది. అటు తిరిగే అంది.

"అందరికి జేస్తివి. సెల్‌ఫోన్ల దుకాణానికి గూడ జేస్తివి. నా కాడికొచ్చెటాలకు బంద్ అయింది."

సాయంత్రం హిమజ పని నుంచి వచ్చింది. దీనమ్మ ఇంటికి వచ్చి అన్నం వండి, తినకుండా మూత పెట్టింది. మర్నాడు నీళ్ళ రోజు. కుళాయి దగ్గర పీట వేసుకొని కూర్చుంది. అంగడి లేదు, పక్కన ఎవరూ కూర్చోలేదు, నిశ్శబ్దమూ దిగలేదు. గోడ వైపు తిరిగిన సారలమ్మ వీపు ఒక్కటే కనబడుతూ ఉంది. ఎంత కూర్చున్నా అది ఇటు తిరగలేదు. కళ్ళు మూసినా అదే, తెరిచినా అదే. ఇంతకాలం మనుషుల చెవుల కోసం మాట్లాడాననుకొని సిగ్గుపడింది. మరి ఇప్పుడు ఎవరి కోసం మాట్లాడటం లేదు? తన మాట శుభ్రంగా ఉండాలని, తన చేయి మురికి కాకూడదని, అక్కడ ఒక మనిషిని భయంతో ఒంటరిగా వదిలేసి వచ్చింది. బకెట్ సగం కూడా నిండకముందే కుళాయి కట్టేసి లేచింది.

హిమజ బస్సుకు బయల్దేరుతోంది. దీనమ్మ ఆమెను గుమ్మంలో ఆపింది. "బిడ్డా, మీ అమ్మ ప్రార్థన జెయ్యమంటున్నది. నీ మనసుకు ఏమన్న అనిపిస్తే ఇప్పుడే జెప్పు."

"నాకేముంది చిన్నమ్మా. ఆమె ఇన్నేండ్లల్ల ఎవ్వలనన్న ఏదన్న జెయ్యమని అడుగుడు నేను సూడనే లేదు. అడిగిందంటే జెయ్యి."

సారలమ్మ మేలుకొనే ఉంది. దీనమ్మ కుర్చీ జరిపి, మంచం పట్టె మీద కూర్చుంది. ముసుగు లాక్కుంది. "పరిశుద్ధుడవైన తండ్రీ," అంది. గొంతు పాత బాటలోకి దానంతటదే దిగింది. "నీ దాసురాలైన ఈ సహోదరిని జ్ఞాపకము…"

సారలమ్మ పచ్చబడిన కళ్ళతో ఆమెనే చూస్తోంది. దీనమ్మ ఆగింది. ముసుగు వెనక్కి తీసేసింది. కళ్ళు కూడా మూసుకోలేదు.

"ప్రభువా," అంది. "గీమె సారలమ్మ. నీకు ఎరుకే. కీసరగుట్ట ఎక్కుతది, మన దిక్కు రాదు. బెల్టు కాడ నా ఎదురుంగ నిలబడ్డది. నా టిఫిన్ల కూర మంచిగుంటే సగం ఈమెనే తినేది."

"సగం గాదు," అంది సారలమ్మ. "ఒక్క ముద్ద. అది గూడ నువ్వు బలిమికి పెడ్తివి."

దీనమ్మ ఆమె వంక చూసింది. "సరే ప్రభువా, ఒక్క ముద్దనట. నువ్వు సూసినవ్ గద, నువ్వే తేల్చు. సుష్మ కడుపుల ఉన్నప్పుడు బెల్టు కాడనే నాకు నొప్పులొచ్చినయ్. సూపర్‌వైజర్ లక్ష్మీకాంత్ సారు గేటు పాస్ రాయాలె, పెన్ను ఏదీ అని ఎతుకుతున్నడు. గీమె ఆగలే. నన్ను ఎత్తుకపోయినట్టే తీస్కపోయి, వాచ్‌మన్‌ను నూకి, బిస్కెట్లు తోలే బండ్ల ఎక్కించి దవాఖానాకు తోల్కపోయింది."

"నూకలే. జర పక్కకు జరిపిన."

"పక్కకు జరిపిందట. ఆయన మోరీల పడ్డడు ప్రభువా."

సారలమ్మకు నవ్వొచ్చింది. నవ్వు పొట్టలో నొప్పి అయింది. దీనమ్మ ఆమె వీపు కింద చేయి పెట్టి లేపి, నొప్పి తగ్గేదాకా అలాగే పట్టుకుంది. తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది. ఎన్నడూ దేవుడికి చెప్పనివి చెప్పింది. భర్త పోయిన ఏడాది తను అన్నం మానేస్తే సారలమ్మ తిట్టి తినిపించిన సంగతి, హిమజ చదువు మధ్యలో ఆపేసిన రోజు సారలమ్మ ఈ గోడకే తల ఆనించి ఏడ్చిన సంగతి. అచ్చుపుస్తకం మాట ఒక్కటీ రాలేదు. ఊరిమాట ఒక్కటే, జనగామ దగ్గరి పొలం గట్టు మాట.

"నాకు బుగులైతుందని గూడ జెప్పు," అంది సారలమ్మ, మెల్లగా.

"దీనికి బుగులైతుంది ప్రభువా. యాడికి పోతదో దీనికి తెల్వది. నేను మందికి మస్తు జెప్పిన గాని, నాకు గూడ సరిగ తెల్వది. నాకు గూడ బుగులైతుంది. నువ్వు ఆ దిక్కు దీని చెయ్యి పట్టుకో. ఈ దిక్కు నేను పట్టుకున్న."

గొంతు ఎక్కడ ఎలా పోయిందో దీనమ్మ వినలేదు. సారలమ్మ చేయి చల్లగా ఉంది, దాన్ని రెండు చేతుల మధ్య రుద్దుతూ ఉంది.

"గిది మంచిగున్నది," అంది సారలమ్మ కళ్ళు మూసుకొని. "ఆమేన్ అనవా?"

"ఇంక అయిపోలే."

"అయితే జెప్పు. బంద్ జేయకు."

ఆ తర్వాత రోజూ అదే పని. పక్క సర్దడం, గంజి తాగించడం, ప్రార్థన. సారలమ్మ దిద్దుతూ ఉండేది. దిద్దుతూ దిద్దుతూ మధ్యలో నిద్రపోయేది. అప్పుడు దీనమ్మ కూడా ఊరుకునేది. అటువంటప్పుడు, కుళాయి దగ్గర దిగే నిశ్శబ్దమే ఈ గదిలోకి కూడా వచ్చేది. దాన్నిప్పుడు ఎవరూ కాపలా కాయడం లేదు. పక్కింటి కుక్కర్ కూత వేసేది, సందులో ఉల్లిగడ్డల బండి అరుచుకుంటూ పోయేది, మందు వేళకు హిమజ ఫోన్ చేసేది. అది కదలకుండా అక్కడే ఉండేది. సారలమ్మ కళ్ళు తెరిచి, "ఏడిదాంక వచ్చినం?" అంటే, దీనమ్మ ఆపిన చోటి నుంచి అందుకునేది.

ఒక మధ్యాహ్నం నుంచి సారలమ్మ అడగడం మానేసింది. గంజి పెదాల మీదనుంచి జారిపోయింది. ఊపిరి చాలా దూరం వెళ్ళి ఆలోచించుకొని తిరిగి వస్తున్నట్టు ఉంది. హిమజ సెలవు పెట్టి వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. దీనమ్మ ప్రార్థన చేస్తూనే ఉంది. కంపెనీ, బెల్టు, కీసరగుట్ట నుంచి సారలమ్మ తెచ్చే రేగుపళ్ళు, అన్నీ చెప్పింది. ఎక్కడా దిద్దుబాటు రాలేదు. ఆ ముఖంలో తన మాట చేరిన ఆనవాలు కూడా లేదు. ఆపేద్దామా అనుకుంది. ఆపలేదు. వంగి, ఆమె చెవికి దగ్గరగా జరిగింది.

"ప్రభువా," అంది, "నాకు నొప్పులొచ్చినప్పుడు నన్ను దవాఖానాకు తోల్కపోయింది లక్ష్మీకాంత్ సారు. సారలమ్మ ఆ దినం పనికే రాలే."

హిమజ తలెత్తి చూసింది.

సారలమ్మ కళ్ళు తెరవలేదు. ఊపిరి కూడా మారలేదు. దుప్పటి మీద ఆమె వేలు ఒక్కటి లేచి, కాదన్నట్టు మెల్లగా అటూ ఇటూ కదిలింది.

"తప్పు జెప్పిన ప్రభువా," అంది దీనమ్మ, ఆ వేలు పట్టుకొని. "గీమెనే తోల్కపోయింది."